స్పిరిట్ ఆరేదాకా

స్పిరిట్ దూది వాసన నాకు రోజూ ఉండేదే. దాని చల్లదనం మాత్రం ఏడాదికొకసారే తెలుస్తుంది. మా ల్యాబులో పనిచేసేవాళ్ళందరికీ ఏటా రక్తపరీక్షలు చేస్తాం. ఆ రోజు నేను కూడా రోగులు కూర్చునే కుర్చీలో కూర్చుని చెయ్యి చాపాలి. మొన్న సోమవారం పొద్దున్న, కొత్తగా చేరిన హారిక నా మోచేతి మడతలో దూదితో రాసీ రాయగానే సూది మూత తీసింది. చేతిమీద తడి ఇంకా మెరుస్తూనే ఉంది. "ఆగమ్మా, ఆరనీ" అన్నాను. ఆ పిల్ల నాలుక కరుచుకుని సూది పక్కన పెట్టింది. స్పిరిట్ ఆరడానికి పట్టేది అర నిమిషం. ఆ అర నిమిషంలో, నాకు తెలియకుండానే గొంతులో ఒక రాగం కదిలింది. అది చర్చిలో పాడుకునే పాట. నేను చర్చికి వెళ్ళే మనిషిని కాను. మాది కొవ్వూరు రేవు దగ్గర చేపలు పట్టుకుని బతికే కుటుంబం, గోదారమ్మకి పసుపు కుంకుమ వెయ్యందే మా నాన్న పడవ కదిపేవాడు కాదు. ఆ రాగం నాకు ఎస్తేరు రాణిగారి దగ్గర్నుంచి వచ్చింది.

రాజమండ్రిలో నేను మొట్టమొదట ఉద్యోగానికి చేరిన ల్యాబుకి ఆవిడ ఇన్‌ఛార్జి. మేమంతా మేడంగారూ అని పిలిచేవాళ్ళం. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. కళ్ళజోడుకి నల్లదారం కట్టి మెడలో వేసుకునేవారు. పెళ్ళి చేసుకోలేదు. అంతకుముందు చాలా ఏళ్ళు ఒక మిషన్ ఆసుపత్రిలో పనిచేసి, అక్కడ రిటైరయ్యాక మా ల్యాబుకి వచ్చారు. కోపం వస్తే గొంతు పెంచేవారు కాదు, తగ్గించేవారు. అదే ఎక్కువ భయంగా ఉండేది. నేను చేరిన మొదటిరోజు ఒక పెద్దాయన చేతికి స్పిరిట్ రాసి, తొందరగా ఆరాలని ఉఫ్ అని ఊదాను. వెనకనుంచి చాలా మెల్లగా వినిపించింది. "ఊదకే పిల్లా. నీ నోట్లో ఉన్నదంతా ఆయన చేతిమీద పోస్తున్నావు."

"మరి ఎంతసేపు ఆగాలండీ?" అన్నాను.

"ఒక చరణం పాడుకునేంతసేపు" అన్నారు. తరవాత తెలిసింది, ఆవిడ గడియారం చూడరు. పెదాలు కదపకుండా వాళ్ళ చర్చి పాట ఒకటి గొంతులో పాడుకుంటారు. చరణం అయిపోతే స్పిరిట్ ఆరినట్టు లెక్క. అయితే నోరు మాత్రం ఊరికే ఉండేది కాదు, ఆ కాస్త వ్యవధిలోనే ఎదుటి మనిషితో మాట్లాడేవారు. ఆ రెండూ ఒకేసారి ఎలా చేసేవారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆవిడ అడిగేది ఒకే ఒక్క ప్రశ్న. మేమైతే అందరిలాగే "ఏమైనా తిన్నారా? మందులేమైనా వాడుతున్నారా?" అని అడిగి చీటీ మీద టిక్కు పెట్టేసేవాళ్ళం. ఆవిడ అలా అడిగేవారు కాదు. "పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ నోట్లో ఏమేం వేసుకున్నారండీ?" అనేవారు. ఒకసారి ద్రాక్షారామం నుంచి వచ్చిన పెద్దాయన పరగడుపున చేసే షుగరు పరీక్షకి కూర్చున్నాడు. ఏమీ తినలేదని నాతో రెండుసార్లు చెప్పాడు. మేడంగారు తన పద్ధతిలో అడిగేసరికి, "ఏం లేదమ్మా, గుడి దగ్గర ప్రసాదం పెడితే కాస్త పులిహోర కళ్ళకద్దుకుని వేసుకున్నాను" అన్నాడు. నేను తెల్లబోయాను. "తినలేదన్నారు కదండీ!" అన్నాను. "ప్రసాదం తిండేంటమ్మా?" అని ఆయన నన్నే ఎదురు కోప్పడ్డాడు. ఆయన వెళ్ళాక మేడంగారు, "ఆయన అబద్ధం ఆడలేదే. నువ్వు తిండి గురించి అడిగావు, ఆయన తిండి గురించే చెప్పాడు" అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే ఆ మాట మర్చిపోయాను కూడా.

ఆవిడకి ఇంకో అలవాటుండేది. పరీక్షలకి వాడే కిట్ల పెట్టెల్లో సన్నక్షరాలతో మడతపెట్టిన కాగితం ఒకటి వస్తుంది. ఏ ల్యాబులోనైనా అది చెత్తబుట్టలోకే పోతుంది. మేడంగారు మాత్రం కిటికీ దగ్గర నిలబడి భూతద్దం పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివి, ఆత్రేయపురం పూతరేకులు వచ్చిన అట్టపెట్టెలో దాచుకునేవారు. "ఇది చదివి ఏం చేస్తారండీ, పరీక్ష రాయాలా?" అని ఏడిపించేవాళ్ళం. "మిషన్ ఎక్కడెక్కడ తప్పు చెప్తుందో దాన్ని చేసినవాళ్ళే రాశారు. మీకు చదవడానికి బద్ధకం" అనేవారు.

నేను చేరిన ఏడెనిమిదేళ్ళకి మా సత్యవతి పిన్ని సంగతి వచ్చింది. సొంత పిన్ని కాదు, మా వీధిలో మూడో ఇల్లు, వరసకి పిన్ని. అమ్మ పడవ పనిలో ఉంటే నాకు జడలేసి బడికి పంపింది ఆవిడే. నెత్తిమీద చుట్టకుదురు పెట్టుకుని, దానిమీద చేపల బేసిన్ ఎత్తుకుని కొవ్వూరంతా తిరిగి అమ్ముకొచ్చేది. నలభై అయిదేళ్ళ మనిషి, గట్టిగా జ్వరమొచ్చిన రోజు కూడా ఎవరికీ గుర్తులేదు. ఇన్నేళ్ళొచ్చినా ఒక్క పరీక్షా చేయించుకోలేదు, నేను ల్యాబులో ఉండి ఏం లాభం అని నేనే పోరుపెట్టాను. డ్యూటీకి బయలుదేరుతూ పొద్దున్నే వాళ్ళింటి అరుగుమీద కూర్చోబెట్టి రక్తం తీసుకున్నాను. చీటీలో మందుల దగ్గర 'లేవు' అని రాశాను. ఆవిణ్ణి అడగలేదు. అడగడానికేముంది, మా పిన్ని గురించి నాకు తెలియనిదేముంది అనుకున్నాను.

అన్నీ బాగున్నాయి, థైరాయిడ్ ఒక్కటి తప్ప. గొంతులో ఉండే ఆ గ్రంథి ఎక్కువ పనిచేస్తే అది తయారుచేసే టీ3, టీ4 పెరుగుతాయి. అప్పుడు 'ఇక చాల్లే' అన్నట్టు, గ్రంథిని పనిచెయ్యమని తలలోంచి పురమాయించే టీఎస్‌హెచ్ పడిపోతుంది. పిన్ని రిపోర్టులో టీఎస్‌హెచ్ దాదాపు సున్నా. మిగతా రెండూ ఆకాశంలో ఉన్నాయి. అలాంటి మనిషి బక్కచిక్కిపోవాలి, గుండె దడదడలాడాలి, చేతులు వణకాలి. పిన్నికి ఇవేవీ లేవు. మేడంగారు మిషన్‌లో మళ్ళీ పెట్టించారు. అదే వచ్చింది.

"ఈవిడ ఏమైనా వాడుతోందా?" అని అడిగారు.

"ఏమీ వాడదండి. మా పిన్నేనండి."

"అడిగావా?"

"అడిగానండి" అన్నాను.

అంత చిన్న అబద్ధం నేను జీవితంలో ఆడలేదు. దాని ఖరీదు అంత పెద్దదవుతుందనీ అనుకోలేదు.

పిన్నిని డాక్టరుగారి దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. ఆయన మంచివాడే, ఓపిగ్గా అన్నీ అడిగారు. "కొంతమందికి లక్షణాలు ఆలస్యంగా బయటపడతాయమ్మా. రిపోర్టు ఇంత స్పష్టంగా ఉంటే ఊరుకోకూడదు" అని గ్రంథి జోరు తగ్గించడానికి బిళ్ళలు రాశారు. నెలయ్యాక మళ్ళీ అరుగుమీదే రక్తం తీశాను, మళ్ళీ 'లేవు' అనే రాశాను, డాక్టరుగారి బిళ్ళ తప్ప. రిపోర్టు ఇసుమంతైనా మారలేదు. ఆయన మోతాదు రెట్టింపు చేశారు. ఇంకో నెల గడిచేసరికి పిన్ని బేసిన్ ఎత్తుకోవడం మానేసింది. మధ్యాహ్నాలు కూడా పడుకునే ఉండేది. మే నెల ఎండల్లో దుప్పటి కప్పుకునేది. మొహం ఉబ్బింది. జబ్బు ముదిరిందని అందరం అనుకున్నాం. ఇక లాభం లేదు, విశాఖపట్నం వెళ్ళి రేడియోధార్మిక అయోడిన్ మందు తీసుకోవాలని డాక్టరుగారు చెప్పారు. అది పడితే ఆ గ్రంథి ఇంచుమించు చచ్చిపోయినట్టే, ఆ తరవాత బతికినంతకాలం రోజూ బిళ్ళ మింగాలి. వచ్చే వారమే ప్రయాణం అని నిశ్చయమైంది.

వెళ్ళేముందు పరీక్షలన్నీ మరోసారి చేయించమన్నారు. అందుకని బాబాయి ఆవిణ్ణి ల్యాబుకే తీసుకొచ్చాడు. మేడంగారు పిన్నిని చూడడం అదే మొదలు. పిన్ని గుమ్మం నుంచి కుర్చీదాకా నడిచి రావడం కళ్ళజోడు పైనుంచి చూశారు. చెయ్యి పట్టుకున్నారు. నాడి చూశారు. పాత రిపోర్టులు తెప్పించుకుని పక్కన పెట్టుకున్నారు.

"కనకా, ఈ కాగితం చూస్తే మనిషి పరిగెడుతున్నట్టుంది. మనిషిని చూస్తే నడవలేకపోతోంది. ఇద్దర్లో ఎవరో ఒకరు తప్పు చెప్తున్నారే" అన్నారు నాతో, మెల్లగా.

దూదితో తనే రాశారు. గొంతులో రాగం మొదలైంది. "చెప్పండమ్మా, పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ నోట్లో ఏమేం వేసుకున్నారు?"

"కాఫీ తాగానండి. డాక్టరుగారి బిళ్ళండి. ఇడ్లీ ఒకటండి" అని పిన్ని ఆగింది. నావైపు చూసింది. మళ్ళీ తల దించుకుంది. చరణం అయిపోయింది. స్పిరిట్ ఆరిపోయింది. మేడంగారు సూది ముట్టుకోలేదు.

"కనకా, లోపల రక్తం ట్యూబులు తిప్పే సెంట్రిఫ్యూజ్ ఆగిందేమో చూసి రా."

దాంట్లో ట్యూబులేమీ లేవు. అది తిరగడమే లేదు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. తెర అవతలికి వెళ్ళి నిలబడ్డాను. పిన్ని గొంతు వినపడింది, మాటలు కాదు. మధ్యలో ఒకసారి ఏడుపు. మేడంగారు వింటూనే ఉన్నారు. నవ్వలేదు. అయ్యో అని కూడా అనలేదు.

రక్తం తియ్యకుండానే పిన్నిని పంపించేసి, ఆవిడ పూతరేకుల పెట్టె కిందకి దించారు. వెతికి వెతికి ఒక కాగితం తీసి, ఒక లైను మీద వేలుపెట్టి భూతద్దం నా చేతికిచ్చారు. జుట్టుకీ గోళ్ళకీ వాడే బయోటిన్ అనే విటమిన్ ఎక్కువ మోతాదులో వేసుకున్నవారికి ఈ పరీక్ష తప్పుగా రావచ్చని అందులో ఉంది. నాకు కాసేపు అర్థం కాలేదు. తరవాత అర్థమై, చదవడానికి కళ్ళు ఆనలేదు. మిగతా సంగతి మేడంగారే చెప్పారు.

ఇన్నేళ్ళు బేసిన్ మోసి మోసి చుట్టకుదురు పెట్టే చోట పిన్నికి నడినెత్తి బట్టతలైపోయింది. కొంగు కప్పుకుని దాచుకునేది, మేం అది మర్యాద అనుకున్నాం. బ్యూటీపార్లరు అమ్మాయి ఎవరో జుట్టు వస్తుందని బిళ్ళలు ఇస్తే, పసుపు డబ్బా వెనక దాచుకుని రోజూ పొద్దున్న కాఫీతో వేసుకుంటోంది. చేపలమ్ముకునే దానికి, కూతురికి పెళ్ళీడొచ్చినదానికి ఈ సోకులేంటి అని వీధంతా నవ్వుతుందని ఎవరికీ చెప్పలేదు. అది మందని కూడా ఆవిడ అనుకోలేదు. జుట్టు బిళ్ళ కదా.

"ఆ బిళ్ళ ఆవిణ్ణేం చెయ్యలేదు, మన మిషన్ని మోసం చేసింది. ఆవిణ్ణి పాడు చేసింది మనం చూసుకోకుండా పంపిన రిపోర్టే" అన్నారు మేడంగారు.

"నేను అడగలేదండీ. రెండుసార్లూ అడగలేదు. మీతో అబద్ధం చెప్పాను" అన్నాను.

ఆవిడ కాగితం మళ్ళీ మడత పెట్టారు. "అడిగినా నీకు చెప్పేది కాదులే. నువ్వు వాళ్ళ మనిషివి. కానీ అడగలేదన్న సంగతి నాకు చెప్పి ఉంటే, నేను వెళ్ళి అడిగేదాన్ని కదే" అన్నారు. తిట్టి ఉంటే తేలికయ్యేది.

ఆ సాయంత్రమే కాగితం పట్టుకుని డాక్టరుగారి దగ్గరికి వెళ్ళారు. నన్నూ తీసుకెళ్ళారు. ఆయన ముందు చిరాకుపడ్డారు. తరవాత కాగితం రెండుసార్లు చదివి, పిన్నిని పిలిపించి నాడి చూసి, బిళ్ళలు ఆపేసి, విశాఖ ప్రయాణం రద్దు చేశారు. రెండురకాల బిళ్ళలూ మానేసిన పదిరోజులకి మళ్ళీ రక్తం తీశాం. ఈసారి రిపోర్టు తారుమారుగా వచ్చింది. గ్రంథి నీరసంగా ఉందని చెప్పింది. కాగితమూ మనిషీ మొదటిసారి ఒకే మాట మీదికొచ్చాయి. ఆ నీరసం మేం తెచ్చిపెట్టినదే. రెండు నెలల్లో అదీ సర్దుకుంది. వినాయకచవితి నాటికి పిన్ని బేసిన్ ఎత్తుకుంది.

కానీ ఈలోపల బాబాయి ల్యాబుకొచ్చి గొడవ చేశాడు. మంచి మనిషిని మంచానపడేశారు, అసలేం జరిగిందో చెప్పండి అని నిలదీశాడు. చెప్పడానికి రెండే నిజాలున్నాయి. ఒకటి పిన్నిది, ఒకటి నాది. మేడంగారు రెండూ చెప్పలేదు. "పొరపాటు మాదేనండి. రిపోర్టు మీద సంతకం నాది" అన్నారు. ల్యాబు యజమాని అందరిముందూ ఆవిణ్ణి నానా మాటలన్నాడు. ఈ వయసులో కళ్ళు కనపడనివాళ్ళని పెట్టుకుంటే ఇలాగే ఉంటుందన్నాడు. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుంటూ నిలబడ్డారు. నేను నోరు తెరవబోతే కళ్ళతోనే వద్దన్నారు. నేను ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు హాయిగా కూడా అనిపించింది, ఆ మాట ఒప్పుకోవాలి.

వెనక గదిలో స్టూలు మీద కూర్చుని ఏడుస్తున్నాను. మేడంగారు వచ్చి ఎదురుగా కూర్చున్నారు. ఏదో బోధ చేస్తారనుకున్నాను.

"పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ నోట్లో ఏం వేసుకున్నావే?"

"ఏం లేదండి."

టిఫిను డబ్బా తెరిచి నా ఒళ్ళో పెట్టారు. దిబ్బరొట్టె, బెల్లం పానకం. అప్పటిదాకా అది రక్తపరీక్ష కోసం అడిగే ప్రశ్న అనుకున్నాను. ఆవిడ మనుషుల్ని అడిగే ప్రశ్న అదొక్కటేనని, పరీక్ష దానికి ఒక సాకనీ ఆ రోజు రొట్టె తింటూ తెలుసుకున్నాను. ఆవిడ మీద నాకు ప్రేమ అప్పుడే పుట్టింది. అంతకుముందు ఉన్నది భయం, గౌరవం.

మేడంగారు పోయి రెండేళ్ళయింది. నిద్రలోనే పోయారు. వాళ్ళ చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెడితే ల్యాబు వాళ్ళం అందరం వెళ్ళాం. యజమాని ముందువరసలో కూర్చున్నాడు. పిన్ని కూడా వస్తానంటే తీసుకెళ్ళాను, చివరి బెంచీలో నా పక్కన కూర్చుంది. పాట మొదలైంది. రెండో లైనుకి నాకు తెలిసింది, అది స్పిరిట్ ఆరే పాట. ఇన్నేళ్ళూ నాకు రాగమే తెలుసు, మాటలు అప్పుడే విన్నాను. పాట అయ్యాక, ఆవిడ గురించి ఎవరైనా సాక్ష్యం చెప్పాలనుకుంటే చెప్పవచ్చని పాస్టరుగారన్నారు. ఇద్దరు ముగ్గురు మాట్లాడారు. తరవాత నా పక్కనుంచి పిన్ని లేచింది.

"నాకు ఇలాంటిచోట మాట్లాడ్డం రాదండి" అంది. "నాకు థైరాయిడ్ అని తప్పుగా వచ్చినప్పుడు అందరూ ఈవిణ్ణి తిట్టారండి. మా ఇంటాయన కూడా తిట్టాడండి. ఆ తప్పు ఆవిడది కాదండి. నేను జుట్టు కోసం బిళ్ళలు మింగి, సిగ్గేసి దాచుకున్నానండి. నా పరువు పోకూడదని ఆవిడ మాట పడ్డారండి." అని నెత్తిమీది కొంగు తీసేసింది. నడినెత్తి మీద చుట్టకుదురంత మేర నున్నగా ఉంది. చర్చిలో ఒక్కరూ నవ్వలేదు.

నేనూ లేచి నిలబడ్డాను. "సగమే చెప్పింది మా పిన్ని. మిగతా తప్పు నాదండి. నేను అడగకుండానే మందులు లేవని రాసి, అడిగానని ఆవిడతో అబద్ధం చెప్పాను" అన్నాను. ముందువరసలో యజమాని తల వంచుకున్నాడు. పిన్ని నా చెయ్యి పట్టుకుంది. నాకు జడలేసినప్పటి పట్టే అది. ఇద్దరం అలాగే నిలబడి ఏడ్చాం. ఆవిడ బతికుండగా ఆ నాలుగు మాటలూ అనలేకపోయానే అన్న బాధ నాకు ఇప్పటికీ పోలేదు. పోకపోవడమే మంచిదేమో.

ఇప్పుడు నేనే ఒక ల్యాబుకి ఇన్‌ఛార్జిని. పూతరేకుల పెట్టె నా బీరువాలో ఉంది, కొత్త కాగితాలు అందులోనే వేస్తాను. ఎవరు చేరినా మొదటిరోజే స్పిరిట్ ఆరనివ్వడం, ఆ ప్రశ్న అడగడం నేర్పిస్తాను. వీధిలోవాళ్ళనీ, సొంతవాళ్ళనీ అయితే ఇంకా శ్రద్ధగా అడగమంటాను, నన్ను చూసి చెప్పడానికి మొహమాటపడితే వేరేవాళ్ళని పంపుతాను.

మొన్న హారిక నా చెయ్యి పట్టుకుని ఆగింది. తడి మెరుపు తగ్గుతోంది. నా గొంతులో చరణం సగానికొచ్చింది. ఆ పిల్ల ఏదో గుర్తుచేసుకున్నట్టు చటుక్కున తలెత్తి, "మేడంగారూ, పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ నోట్లో ఏమేం వేసుకున్నారండీ?" అంది.

జవాబు చాలా చిన్నది, కాఫీ ఒక్కటే. అయినా వెంటనే చెప్పలేకపోయాను. నన్ను ఆ మాట ఎవరైనా అడిగి చాలా కాలమైంది. స్పిరిట్ ఎప్పుడో ఆరిపోయింది. ఆ పిల్ల సూది ముట్టుకోకుండా, నేను చెప్పేదాకా ఆగింది.